ఆదిశేషమ్మ పాలు పోసిన గోరీ

ఆదిశేషమ్మ ముందు పిండిన పాలు ఏనాడూ ఇంట్లోకి తేలేదు. పొద్దున లేచి మొహం కడుక్కుని, పెంచలకోన స్వామిని తలుచుకుని దండం పెట్టి, మేకల కొట్టంలోకి పోతుంది. పొదుగు కడిగి, మొదట వచ్చిన గుక్కెడు పాలు ఇత్తడి చెంబులోకి పిండి, ఆపైన చెంబు నిండా నీళ్ళు కలుపుతుంది. చంకలో ఈతచీపురు పెట్టుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు పోయే రోడ్డెక్కుతుంది. మా పల్లె దాటగానే సాయిబుల గోరీల దొడ్డి వస్తుంది. దాని ప్రహరీ గోడకు బయట, రోడ్డు వారగా, కానుగ చెట్టు కింద ఒక గోరీ ఒంటరిగా ఉంటుంది. మట్టి గోరీ. తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి. పేరు లేదు.

ఆమె రాలిన ఆకులు ఊడుస్తుంది. తల దగ్గర నుంచి కాళ్ళ దాకా ఆ పాలనీళ్ళు సన్నటి ధారగా పోస్తుంది. తరవాత ఖాళీ చెంబు రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నట్టు చెబుతుంది.

"అయ్యా, నిన్ను నేను చూసుకుంటా ఉండాను. మావాణ్ణి చూసుకోమని మీవాళ్ళకు చెప్పు."

అంతే ఆమె పూజ. వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. రోడ్డుకు అవతల టీ కొట్టు పెట్టుకున్న సుధారాణి పొద్దున్నే దుమ్ము లేవకుండా కొట్టు ముందు నీళ్ళు చల్లుకుంటుంది. చల్లుతూ చల్లుతూ రోడ్డు దాటి వచ్చి గోరీ ముందు కూడా రెండు దోసిళ్ళు చల్లిపోతుంది. ఎవరూ చల్లమనలేదు. ఆ దారిన బస్సు తోలే డ్రైవర్లు మారుతూనే ఉంటారు. అయినా ఆ మలుపులో ఆదిశేషమ్మ కనిపిస్తే ఒక్కరూ హారన్ గట్టిగా కొట్టరు. పాతాయన కొత్తాయనకు చెప్పి పోతాడో ఏమో మరి.

ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త శీనయ్య అరుగు మీద గ్లాసు పట్టుకుని కాచుకుని ఉంటాడు.

"వచ్చినావా? ముందుపాలు గోరీకి. మలిపాలు మేకపిల్లకు. నాకేమో రంగునీళ్ళు. నేను గూడా పోయి ఆ చెట్టు కింద పడుకుంటే నాకూ పాలు పోస్తావేమో."

"పడుకో పో. నీకైతే మజ్జిగ పోస్తా. అదీ పులిసింది."

ఈ మాటలు మా వీధిలో పొద్దుటి కోడికూత లాంటివి. వినబడని రోజు ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

ఆమె 'మావాడు' అనేది అన్న గోపాలయ్యను. కెప్టెన్ గోపాలయ్య. డెబ్బై ఒకటిలో యుద్ధం జరిగినప్పుడు దెబ్బతిని శత్రువుల చేతికి చిక్కి, వాళ్ళ దేశంలోనే కన్నుమూశాడు. శవం రాలేదు. అస్థికలు రాలేదు. ఇంట్లో ఆయనవి మిగిలింది గోడకు ఒక ఫోటో, ఆయన నవ్వును పోలిన ఆదిశేషమ్మ నవ్వు.

జనార్దనయ్య, వెంగమ్మ అనే దంపతులకు ఆ ఇద్దరే బిడ్డలు. గొర్రెలు, మేకలు కాచుకునే ఇల్లు. గోపాలయ్య చెల్లెలిని భుజాన ఎక్కించుకుని కొండవార మంద తోలేవాడు. దారిలో దొరికిన కాగితం ముక్కనల్లా ఏరుకుని చదివేవాడు. ఒకసారి చదువులో పడి మందను వదిలేస్తే, అది పోయి పక్కాయన సజ్జచేలో పడింది. చేనుగల ఆయన కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏందిరా గోపాలా! నీ గొర్రెలు నా సజ్జ మేస్తా ఉండాయి, నువ్వేమో కాగితాలు మేస్తా ఉండావా?"

కొడతాడనుకుంటే ఆయన కర్ర కింద పారేసి పిల్లవాడి చేతిలోని కాగితం లాక్కుని తిప్పి తిప్పి చూశాడట. ఆయనకు చదువు రాదు. సాయంత్రం జనార్దనయ్య ఇంటికి వచ్చి, "కాగితాలు మేసేవాడికి కొండమీదేం పనుండాది? ఉదయగిరి బడిలో వెయ్యి. వాడి కూటికి నేనొక మూట సజ్జలిస్తా. ఎట్టాగూ సగం మీ గొర్రెలే తిన్నాయి, మిగతాది వాడు తింటాడు," అన్నాడు. అలా సాగింది గోపాలయ్య చదువు. ఉదయగిరిలో హైస్కూలు, నెల్లూరులో కాలేజీ. చైనా యుద్ధం తరవాత చదువుకున్న కుర్రవాళ్ళను ఆఫీసర్లుగా తీసుకుంటుంటే, చెప్పాపెట్టకుండా పోయి చేరిపోయాడు.

సెలవుకు వచ్చినప్పుడు మొదటిసారి యూనిఫారంతో ఇంట్లోకి అడుగుపెడితే వెంగమ్మ తేరిపార చూసి, "బర్రెకు పలుపు కట్టినట్టు ఈ నడుంపట్టీ ఏందిరా? విప్పి అన్నానికి రా," అన్నది. ఆయన నవ్వి, పంచె కట్టుకుని, అన్నం తిని, తండ్రిని ఇంట్లో పడుకోమని తనే మంద తోలుకుని పోయాడు. సెలవు ఉన్నన్నాళ్ళూ అదే పని. చెల్లెలు వెంట నడిచేది. ఉత్తరాది సంగతులు చెప్పమని ప్రాణం తీసేది.

"అక్కడ గొర్రెలకు ఉన్ని ఉంటాదే ఆదీ. తెల్లగా, దట్టంగా. మంద కదిలితే మబ్బు నడిచినట్టు ఉంటాది. మన నెల్లూరు గొర్రెను చూస్తే అవి ఏమనుకుంటాయో తెలుసునా? పాపం, చొక్కా లేకుండా తిరుగుతా ఉండాయే అనుకుంటాయి."

డెబ్బై ఒకటి చలికాలంలో యుద్ధం వచ్చింది. ముందు, ఆచూకీ తెలియడం లేదని తంతి వచ్చింది. తరవాత, బందీగా ఉన్నాడని కబురు. వెంగమ్మ మొక్కని దేవుడు లేడు. ఎక్కడైతేనేం, ఊపిరితో ఉన్నాడు గదా అనుకున్నారు. ఆ తరవాత వచ్చిన కబురు, అక్కడే ఆస్పత్రిలో చనిపోయాడని.

బందీలను వదిలిపెట్టాక, ఆయనతో పాటు ఉండిన చంద్రమోహన్ అనే ఆఫీసరు వెతుక్కుంటూ మా పల్లెకు వచ్చాడు. చిత్తూరు వైపు ఆయన. మనిషి ఎండిపోయి, చొక్కా భుజాల మీద వేలాడుతూ ఉంది. అయినా తన ఊరికి పోయి తల్లిని చూసుకున్న వారంలోపలే మా ఊరికి బయలుదేరాడంటే ఆయన మంచితనం ఎంతటిది! నులకమంచం మీద కూర్చుని, తలవంచుకుని, దాచకుండా చెప్పాడు.

"తొడకు దెబ్బ తగిలింది. పుండు మాన్లేదు. చివర్న జొరం. ఆ ఆస్పత్రిలో ఒక ముసలాయన ఉండేవాడమ్మా, వాళ్ళ మనిషే. రోజూ స్పూనుతో నీళ్ళు పట్టేవాడు. మేం కిటికీలోంచి చూసేవాళ్ళం. పోయినప్పుడు వాళ్ళే ఎత్తుకుపోయి, వాళ్ళ గోరీల పక్కన పూడ్చినారు. మమ్మల్ని రానీలేదు."

వెంగమ్మ అడిగింది: "మూడోనాడు పాలెవరు పోసినారు నాయనా?"

ఆయనకు అర్థం కాలేదు. వీళ్ళ ఇళ్ళల్లో పోయినవాళ్ళను కాల్చరు, పూడుస్తారు. మూడోనాడు అయినవాళ్ళు పోయి ఆ మట్టిమీద పాలు పోస్తారు. పాలు పోసేదాకా పోయిన మనిషి గొంతు ఎండుతూనే ఉంటుందని పెద్దల మాట. జనార్దనయ్య ఆ సంగతి నెమ్మదిగా చెప్పాడు. "పోయలేదమ్మా. మాకు తెలీదు. తెలిసినా మా చేతుల్లో పాలెక్కడివి?" అని చంద్రమోహన్ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వెంగమ్మే లేచి ఆయన వీపు నిమిరింది.

ఆ రోజునుంచి ఆమె నీళ్ళు తాగడం మానింది. పూర్తిగా కాదు. బతిమాలితే గుక్కెడు. "నా బిడ్డ గొంతు తడవలేదు. నాకెట్ట దిగుతాది?" అనేది. మనిషి పుల్లలా అయిపోయింది. అన్న పోయిన దుఃఖం ఒకవైపు, కళ్ళముందు అమ్మ పోతున్న భయం ఒకవైపు. ఆదిశేషమ్మకు అప్పుడు ఇరవై దాటిందేమో.

జనార్దనయ్య మాటకారి కాదు. గొర్రెల వెంట నడుస్తూ ఆలోచించే మనిషి. ఒకరోజు మందను కూతురికి అప్పగించి గోరీల దొడ్డి దగ్గరికి పోయాడు. దాన్ని చూసుకునే హుస్సేన్ సాయిబు గోడకు మట్టి మెత్తుతున్నాడు. గోడ బయట ఉండే ఒంటి గోరీ సంగతి జనార్దనయ్య అడిగాడు.

"బాటసారి. రోడ్డుమీద జొరంతో పడిపోయి ఉంటే మోసుకొచ్చినాం. ఏ ఊరో చెప్పే తెలివి లేదు, తెల్లారేసరికి పోయినాడు. ఏ ఊరివాడోనని ఇక్కడే పక్కన పెట్టినాం. మూటలో దర్జీ కత్తెర, ఒక కంబళి. అవి ఇంట్లో ఉండాయి, ఎవరన్నా వస్తారేమోనని," అన్నాడు హుస్సేన్ సాయిబు.

"కంబళి చూపిస్తావా?"

కంబళి తెచ్చాడు. జనార్దనయ్య దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు, ఒక పోగు లాగి ఎండకు పట్టి చూశాడు. మన నెల్లూరు గొర్రెకు బొచ్చే తప్ప ఉన్ని ఉండదు. ఇది తెల్లటి దట్టమైన ఉన్ని. చలిదేశపు గొర్రెది. కొడుకు చెప్పిన, మబ్బులా నడిచే గొర్రెది.

"ఈయన ఆ దేశపాయన సాయిబూ. మావాడు పడుకోనుండే దేశం."

"అంత దూరంనుంచి ఎట్ట వస్తాడు జనార్దనయ్యా?"

"మావాడు అంత దూరం పోలేదా?"

జనార్దనయ్య కింద కూర్చుని, తన మనసులో ఉన్నది చెప్పాడు. గొర్రెలు కాసేవాళ్ళల్లో ఒక కట్టు ఉంది. ఒకరి జీవం, గొర్రో మేకో, తప్పిపోయి ఇంకొకరి మందలో కలిస్తే, దాన్ని కోసుకోకూడదు, అమ్ముకోకూడదు. మనవాటితో పాటే మేపాలి, నీళ్ళు పెట్టాలి. ఎందుకంటే మన జీవం కూడా ఎక్కడో ఎవరి మందలోనో ఉంటుంది. ఇక్కడ మనం చూసినట్టే అక్కడ వాళ్ళు చూస్తారు. సొంతదారుడు వచ్చి అడిగిన రోజు మారుమాట లేకుండా ఇచ్చేయాలి.

"మావాడు వాళ్ళ మందలో ఉండాడు. వాళ్ళ మనిషి మన మందలో ఉండాడు. నేనీయనకు పాలు పోసుకుంటా సాయిబూ. నువ్వు కాదనొద్దు."

"మాలో పాలు పొయ్యరే," అన్నాడు హుస్సేన్ సాయిబు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "నీళ్ళు చల్లేది ఉండాది. నీళ్ళల్లో నాలుగు చుక్కలు పాలు కలిస్తే ఎవరేమంటారులే. దేవుడికి తెలీదా నీ కడుపుమంట? పోసుకో."

మరునాడు జనార్దనయ్య పెళ్ళాన్ని, కూతుర్ని వెంటబెట్టుకుని పోయి పాలనీళ్ళు పోశాడు. ఆ మట్టి తడిని పీల్చుకుంటుంటే వెంగమ్మ కన్నార్పకుండా చూసింది. ఇంటికి వచ్చి కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని, ఒక్క గుక్కన తాగింది. జనార్దనయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన పోశాడు. ఆయన తరవాత ఆదిశేషమ్మ అందుకున్నది. శీనయ్య ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి ఆమె ఆ ఊరు వదలాల్సిన పని పడలేదు. కాన్పు రోజుల్లో, జ్వరం వచ్చిన రోజుల్లో తప్ప ఆ గోరీ తడవని పొద్దు లేదు. ఎవరైనా, "ఎందుకమ్మా ఇంత పట్టుదల?" అంటే, "నేనొక పొద్దు మానేస్తే అక్కడ మా అన్నకు ఒక పొద్దు మానేస్తారు," అనేది. ఆ నమ్మకంమీదే ఆమె నిలబడింది. అన్న ఫోటోకు దండ వేసేటప్పుడు ఆమె కంటతడి పెట్టగా నేను చూడలేదు. అక్కడ ఎవరో ఉన్నారుగదా, చూసుకుంటున్నారుగదా!

ఈమధ్య రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి కొలతలు వేసుకుపోయారు. కానుగ చెట్టు, దాని కింది గోరీ రోడ్డులోకి వచ్చాయి. మసీదు పెద్దలు కూర్చుని, గోరీని మర్యాదగా గోడ లోపలికి మార్చుదామని అనుకున్నారు. ముందు ఒకసారి సొంతవాళ్ళ కోసం కనుక్కోవడం ధర్మం అన్నారు. హుస్సేన్ సాయిబు పోయి చాలాకాలమైంది. ఆయన కొడుకు మస్తాన్ ఇప్పుడు దొడ్డి చూసుకుంటున్నాడు. కంబళి ఏనాడో చిమ్మటలు తినేశాయి గానీ, కత్తెర మాత్రం తండ్రి చెప్పిన మాటకు కట్టుబడి మస్తాన్ పెట్టెలో దాచే ఉంచాడు. దాని ఫోటో తీసి, బాటసారి కథ రాసి, ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చిపోయేవాళ్ళ ఫోన్లలో అది ఊరూరా తిరిగింది.

ఒకరోజు పొద్దున ఆదిశేషమ్మ చెంబుతో పోయేసరికి, గోరీ దగ్గర మస్తాన్ పక్కన తెల్లగడ్డం మనిషి ఒకాయన చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. సుధారాణి టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉంది.

"ఆదెమ్మా, ఈయన పేరు ఖాదర్‌వలీ. ఆత్మకూరు అవతల కలువాయి నుంచి వచ్చినాడు." మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ పడుకోనుండేది వాళ్ళ నాయన."

ఆదిశేషమ్మ ముందు నవ్వింది. "కలువాయి ఏందన్నా? ఈయన ఆ దేశపాయన గదా."

"లేదక్కా. మా నాయనే," అన్నాడు ఖాదర్‌వలీ. చేతిలో ఉన్న కత్తెర చూపించాడు. "పిడికి ఈ రాగితీగ చుట్టింది మా అమ్మ. వేలికి బొబ్బలొస్తా ఉండాయని. మా నాయనకు మతి సరిగా ఉండేది కాదు. నయమవుతాదని పేట దర్గాలో కొన్నాళ్ళు పడుకోనొస్తానని పోయినాడు. ఇంటికి రావాల్సినాయన ఇటు నడిచినాడు. మేం పేటంతా వెతికినాం, ఆత్మకూరంతా వెతికినాం. ఈ పక్కకు రాలేదు."

ఆదిశేషమ్మ చీపురు కింద పెట్టింది.

"మరి ఆ కంబళి? తెల్లకంబళి. అది చలిదేశం గొర్రెది. మా నాయన చేత్తో పట్టి చూసినాడు. గొర్రె సంగతిలో మా నాయన తప్పు చెప్పడు."

"తెల్లదే అక్కా. అంచున ఎర్రగీత ఉంటాది. పై దేశాలనుంచి తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర, ఆత్మకూరు సంతలో మా అమ్మ కొనింది. నేనూ మా నాయనా దాంట్లోనే పడుకునేవాళ్ళం."

ఆత్మకూరు సంత. జనార్దనయ్య ఉన్ని సంగతి సరిగ్గానే చెప్పాడు. కంబళి దూరందే. దాన్ని కప్పుకున్న మనిషే దగ్గరివాడు.

ఖాదర్‌వలీకి ఆమె మొహం మారడం తెలియలేదు. ఆయన తన దుఃఖంలో ఉన్నాడు. "మమ్మల్ని వదిలేసి ఇంకెవరితోనో పోయినాడని ఊరంతా అనేవాళ్ళక్కా. నేనూ అదే నమ్మి ఆయన్ని తిట్టుకుంటానే పెద్దోణ్ణయినా. ఇక్కడ చూస్తే, మా నాయన మీద రోజూ నీ చెయ్యి…" అంటూ ఆమె కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఆమె చప్పున వెనక్కి జరిగింది. తమాయించుకుంది. చెంబు ఆయన చేతికి ఇచ్చింది.

"మీ జీవం మీకు దొరికింది. మంచిది నాయనా. ఈ పొద్దు నువ్వే పొయ్యి."

ఆయన పోస్తుంటే సగం నీళ్ళు పక్కన పడ్డాయి. ఆమె చూడలేదు. చీపురు కూడా మరిచిపోయి నడిచిపోయింది. సుధారాణి ఆ చీపురు తీసి తన కొట్టులో భద్రంగా పెట్టింది.

ఇంట్లో శీనయ్య ఎప్పటిలాగే గ్లాసు పట్టుకుని ఏదో అనబోయి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఆమె స్తంభానికి ఆనుకుని కూలబడింది.

"మనం పోసిందంతా కలువాయి సాయిబుకు పోసినాం. అక్కడికేం పోలేదు. మా అన్నను ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ మట్టిలో ఒక్కడే, గొంతు ఎండిపోయి, ఎవరన్నా వస్తారని…"

ఆ ఏడుపు మా ఇంటిదాకా వినిపించింది. అన్న పోయినప్పుడు అమ్మ కోసం దిగమింగుకున్న ఏడుపు అది. ఇరుగుపొరుగు చేరాం. ఒకామె కుంపటి వెలిగించి గంజి కాచింది, ఒకామె మేకల్ని కట్టేసింది. దుఃఖంలో ఉన్న ఇంట్లో చేయగలిగింది అంతే.

ఆమె ఆ తరవాత గోరీ వైపు పోలేదు. పాలు పిండి అన్నీ ఇంట్లోనే పెట్టింది. శీనయ్యకు చిక్కటి టీ వచ్చింది. రెండు రోజులు తాగాడు. మూడోనాడు గ్లాసు కింద పెట్టి, "ఇది నాకు దిగదు," అని లేచి, చెంబులో పాలు పోసుకుని నీళ్ళు కలుపుకుని రోడ్డెక్కాడు. కర్ర ఒక చేత, చెంబు ఒక చేత. మోకాళ్ళ నొప్పుల మనిషి. దారంతా ఒలుకుతూనే ఉంది.

సుధారాణి కొట్టులోంచి చీపురు తెచ్చి ఇచ్చింది. "ఏం పెదనాయనా, డ్యూటీ మారిందా?"

"ఆమెకు సెలవు. నేను బదిలీమీద వచ్చినా."

ఊడ్చి, నీళ్ళు పోశాడు గానీ, ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు. కాసేపు తడుముకుని, "అయ్యా, మా ఆమె అలిగింది. నీ తప్పేం లేదు," అన్నాడు. సుధారాణి నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు.

గోరీ మార్చే రోజు వచ్చింది. ఖాదర్‌వలీ ముందుగా ఆదిశేషమ్మ ఇంటికి వచ్చాడు. మస్తాన్ ఆయనకు అంతా చెప్పి ఉన్నాడు. గోపాలయ్య సంగతి, కంబళి సంగతి, జనార్దనయ్య మాట. ఆయన మంచం వేసినా కూర్చోలేదు. వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, నాకు తెలీదు. ఆ పొద్దు నా పాటికి నేను మాట్లాడినా."

"నువ్వేం చేసినావు అబ్బయా. నీ నాయన నీకు దొరికినాడు. దొరికినోడు సంతోషపడకుండా ఎట్ట ఉంటాడు?"

"నువ్వు రాకుండా నేను మట్టి ఎత్తను."

"నేనెందుకు? నేనేం అవుతా?"

"నేను ఏం చెయ్యలేదో అదంతా చేసినదానివి నువ్వేగదా."

ఆమె చాలాసేపు గోడమీది ఫోటో వైపు చూసింది. తరవాత కొంగు నెత్తిన వేసుకుని లేచింది. శీనయ్య కర్ర తీసుకుని వెనకే నడిచాడు.

మసీదు పెద్దలు, కలువాయి నుంచి వచ్చిన బంధువులు, మా పల్లెవాళ్ళు అందరూ చేరారు. మట్టి తీస్తుంటే ఆదిశేషమ్మ గోడవారన ఆడవాళ్ళతో పాటు నిలబడింది. మిగిలిన నాలుగు ఎముకలను తెల్లగుడ్డలో చుట్టి, ఖాదర్‌వలీ రెండు చేతుల మీద గోడ లోపలికి మోసుకుపోయాడు. తప్పిపోయిన తండ్రిని కొడుకు ఎత్తుకుని ఇంటికి తీసుకుపోతున్నట్టే ఉంది. చూసేవాళ్ళం అందరం ఏడ్చాం. ఆదిశేషమ్మ ఏడవలేదు. మట్టి కప్పారు. నీళ్ళు చల్లారు. అందరూ చేతులు చాచి నిలబడితే పెద్దాయన ఒకరు దువా చదివారు. మాకు ఒక్క మాట అర్థం కాలేదు గానీ, దేవుడితో మాట్లాడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

అయిపోయింది. ఒక్కొక్కరే కదిలారు. ఖాదర్‌వలీ బయటికి వచ్చి, చేతిలోని మిఠాయి పొట్లం ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె అందుకోలేదు. ఆయన మణికట్టు పట్టుకుంది.

"అబ్బయా, ఒక మాట అడుగుతా. తప్పయితే చెప్పు."

"అడుగక్కా."

"ఇప్పుడు మీ నాయనకు చదివినారే, ఆ మాటలు మా అన్నకు గూడా ఒక్కసారి చదివించు నాయనా. మేం ఎంత పిలిచినా మా మాట అక్కడిదాకా పోలేదు. ఆయన చుట్టూ పడుకోనుండేవాళ్ళంతా మీ మాట వినేవాళ్ళే. మీరు చదివితే పక్కనోళ్ళకన్నా వినపడతాది, వాళ్ళన్నా ఆయనకు చెప్తారు. పేరు గోపాలయ్య. జనార్దనయ్య కొడుకు, ఉదయగిరి కాడ. ఇంకా మేం చూసుకోవాలనే ఉండాం, దారి తెలీక రాలేకపోయినాం అని చెప్పమను."